సుంకి ఘాట్ ఎక్కలేకపోయిన 1612: పాత ఇంజన్‌కు కంప్రెషన్ తిరిగి తెచ్చిన వైనం

విజయనగరం నుంచి ఒడిశాలోకి పోయే 26వ నంబరు జాతీయ రహదారి, సాలూరు దాటాక పి.కోనవలస దగ్గర కొండ ఎక్కడం మొదలుపెట్టి, సుంకి మీదుగా సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ చేరుతుంది. సాలూరు లారీలకు అసలు పరీక్ష ఈ ఘాటే. చదును రోడ్డు మీద ఎలాగోలా నెట్టుకొచ్చే ఇంజన్ ఇక్కడికి వచ్చేసరికి తన లోపాన్ని దాచుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్న నాకు "బండి ఘాట్ ఎక్కడం లేదు" అనే మాట నెలకు రెండు మూడు సార్లయినా వినబడుతుంది. అయినా ఈ ఒక్క బండి గురించి విడిగా రాయడానికి కారణం ఉంది. దీనికి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని అణిచే బలం, పెంచాలనే ఉద్దేశంతోనే అంతకుముందు ఒకరు పని చేశారు. ఆ పని వల్లనే దాని కంప్రెషన్ పడిపోయింది.

బండి 1994 మోడల్ టాటా 1612. దాని సంగతి చాలావరకు ఆ అంకెల్లోనే ఉంది: మొత్తం బరువు 16 టన్నుల తరగతి, ఇంజన్ బలం 120 హార్స్‌పవర్ తరగతి. లోపలిది టర్బో (గాలిని బలవంతంగా లోపలికి తోసే పరికరం) లేని 697 ఇంజన్, అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం). స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 128 మిల్లీమీటర్లు, మొత్తం 5,675 సీసీ. టాటా వారికి డైమ్లర్ బెంజ్‌తో 1954లో కుదిరిన ఒప్పందం నాటి చుట్టరికం ఈ కొలతల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. బెంజ్ వారి ఓఎమ్ 352 ఇంజన్ బోరూ స్ట్రోకూ ఇవే. ఈ ఇంజన్ సరిగ్గా ఉంటే ఎంత నమ్మకంగా పని చేస్తుందో ఘాట్ మీద తిరిగిన ప్రతి డ్రైవరుకూ తెలుసు. అందుకే ముప్పై ఏళ్ల తరువాత కూడా దాన్ని తుక్కుకు ఇవ్వడానికి యజమానులకు మనసు ఒప్పదు, నాకూ ఒప్పదు.

యజమాని చెప్పిన లక్షణాలు ఇవి. పది టన్నుల సిమెంటుతో ఘాట్ ఎక్కితే ఇంతకుముందు మూడో గేరులో లాగే మలుపుల్లో ఇప్పుడు రెండో గేరు కూడా చాలక మొదటి గేరు వేయవలసి వస్తోంది. నల్లటి పొగ విపరీతంగా వస్తోంది. ట్రిప్పుకు లీటరున్నర ఇంజన్ ఆయిల్ పోయవలసి వస్తోంది. డీజిల్ లీటరుకు మూడున్నర కిలోమీటర్లు కూడా ఇవ్వడం లేదు. వీటన్నిటికంటే నా దృష్టి నిలిచిన మాట డ్రైవరు చెప్పాడు: చలికాలం తెల్లవారుజామున కొరాపుట్‌లో బండి స్టార్టు కావాలంటే, గుడ్డను డీజిల్‌లో ముంచి వెలిగించి, గాలి లోపలికి పోయే గొట్టం దగ్గర పట్టుకుంటే తప్ప ఇంజన్ అందుకోవడం లేదట. డీజిల్ ఇంజన్‌లో నిప్పు పుట్టించేది కంప్రెషన్ వేడి ఒక్కటే. బయటి నుంచి మంట అరువు తెచ్చుకుంటున్న ఇంజన్ లోపల ఆ వేడి పుట్టడం లేదని అర్థం.

"హెడ్డు ఇంకొంచెం చెక్కించి కంప్రెషన్ పెంచెయ్యండి మేస్త్రీ, పంపు కూడా కాస్త తిప్పితే బలం దానంతట అదే వస్తాది" అన్నారు యజమాని. ఆ "ఇంకొంచెం" అన్న మాట దగ్గర ఆగి అడిగితే, రెండేళ్ల కిందట వేరే ఊళ్లో ఒకసారి హెడ్డు, అంటే సిలిండర్లను పైన మూసే మూత, అడుగు చెక్కించిన సంగతి బయటపడింది.

ఇక్కడ కంప్రెషన్ అనే ఒకే మాటతో మనం రెండు వేరు సంగతులను చెప్పుకుంటున్నామని గుర్తించాలి. పిస్టన్ అడుగున ఉన్నప్పటి ఖాళీకి, పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీకి ఉండే నిష్పత్తి ఒకటి. దాన్ని ఇంజన్ కొలతలు నిర్ణయిస్తాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు గేజీ మీద కనిపించే ఒత్తిడి రెండోది. దాన్ని ఆ నిష్పత్తితో పాటు పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, గాలి వచ్చిపోయే వాల్వులు, హెడ్డుకూ సిలిండర్ల బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ ప్యాకింగ్ ఎంత గాలిని పట్టి ఉంచుతున్నాయన్నది కూడా నిర్ణయిస్తుంది. ఈ ఇంజన్‌కు నిష్పత్తి 17:1. ఒక్క సిలిండర్ పరిమాణం 946 సీసీ కాబట్టి, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగలవలసిన ఖాళీ 59 సీసీ మాత్రమే, అంటే ఒక చిన్న టీ గ్లాసులో పట్టేంత. ఆ 59 సీసీలో రెండు మూడు సీసీలు అటూ ఇటూ అయినా నిష్పత్తి మారిపోతుంది. బోరు వైశాల్యం సుమారు 74 చదరపు సెంటీమీటర్లు కనుక, హెడ్ ప్యాకింగ్ మందం 0.3 మిల్లీమీటరు పెరిగితే ఖాళీ 2.2 సీసీ పెరిగి 17 కాస్తా 16.4కు దిగుతుంది. వెర్నియర్, మైక్రోమీటర్ పట్టుకోకుండా కంటి చూపుతో ఈ పని చేయకూడదని నేను మా కుర్రాళ్లకు చెప్పేది ఇందుకే.

ఇంజన్ విప్పకముందే చేయవలసిన పరీక్షలకు ఒక పూట కేటాయించాను. ముందు ఎయిర్ క్లీనర్ తీసి చూస్తే దుమ్ము పట్టి ఉంది గానీ పూర్తిగా మూసుకుపోలేదు. బ్యాటరీలు నిండా ఛార్జి చేసి, ఇంజన్‌ను వేడెక్కించి, డీజిల్ జల్లే ఆరు నాజిళ్లూ తీసి, ఒక్కొక్క రంధ్రంలో గేజీ బిగించి సెల్ఫ్ కొట్టాము. ఒకటో సిలిండర్ నుంచి వరుసగా 18, 17.5, 13, 12, 16.5, 18 కిలోలు (చదరపు సెంటీమీటరుకు) వచ్చాయి. మా షాపులో ఆరోగ్యంగా ఉన్న 697 ఇంజన్లు 23, 24 దగ్గర చూపిస్తాయి. మూడు, నాలుగు సిలిండర్లు దెబ్బతిన్నాయని ఎవరైనా చెప్పగలరు. నన్ను ఆలోచింపజేసింది మాత్రం 18 అనే అంకె. రింగులో వాల్వో కారితే సిలిండర్లు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా పడిపోతాయి. ఆరింటిలో మెరుగైనవి కూడా ఒకే మట్టంలో, ఉండవలసిన దానికి ఐదారు కిలోలు తక్కువగా ఉన్నాయంటే, కారుడు ఒక్కటే కాక కొలతల్లోనే ఏదో మార్పు జరిగి ఉండాలి.

తరువాత మూడు, నాలుగు సిలిండర్లలో చెంచాడు చొప్పున ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాము. పెట్రోలు ఇంజన్‌కు పోసినంత ఆయిల్ ఇక్కడ పోయకూడదు. మిగిలే ఖాళీయే 59 సీసీ అయినప్పుడు, ఎక్కువ ఆయిల్ పోస్తే అది ఆ చోటును ఆక్రమించి గేజీ మీద లేని ఒత్తిడిని చూపిస్తుంది. మూడోది 13 నుంచి 15.5కు పెరిగింది, కాబట్టి అక్కడ రింగుల తప్పు కొంత ఉంది. నాలుగోది 12 దగ్గరి నుంచి పెద్దగా కదలలేదు.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది గాలి పరీక్ష. మూడో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ మీద సరిగ్గా పైకి తెచ్చి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, కంప్రెసర్ నుంచి ఆరు కిలోల గాలిని నాజిల్ రంధ్రం ద్వారా లోపలికి వదిలాము. ఆ తరువాత చేయవలసిందల్లా చెవి పెట్టి వినడమే. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి చప్పుడు వస్తే రింగులు, సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ క్లీనర్ వైపు వస్తే ఇన్‌లెట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే ప్యాకింగో హెడ్డు పగులో. మూత దగ్గర బుసబుస వినిపించింది, అది ఊహించినదే. మా కుర్రాడు ఒకడు క్యాలెండరు కాగితం చింపి నాలుగో సిలిండర్ నాజిల్ రంధ్రం మీద పెట్టాడు. ఆ ముక్క రెపరెపలాడి ఎగిరి బ్యాటరీ పెట్టె మీద పడింది. మూడో దానిలోకి కొడుతున్న గాలి నాలుగో దానిలోంచి బయటికి వస్తోంది! రెండింటి మధ్య ప్యాకింగ్ కాలిపోయిందని తేలింది. నాలుగో దానికి విడిగా గాలి పెడితే సైలెన్సర్ గొట్టంలో కూడా చప్పుడు వినిపించింది.

హెడ్డు దించాక అసలు కథ కళ్లెదుట పడింది. బ్లాకు మీద ఒకటికి రెండు హెడ్ ప్యాకింగులు ఒకదానిపై ఒకటి పెట్టి ఉన్నాయి. మూడు, నాలుగు బోర్ల మధ్య సన్నటి గోడ మీద రెండు ప్యాకింగుల నడుమ వేలెడు పొడవున నల్లటి చార ఉంది. హెడ్డు ఎత్తు కొలిస్తే, ఇదే ఇంజన్‌కు చెందిన చెక్కని హెడ్డు కంటే 0.85 మిల్లీమీటరు తక్కువ. వాల్వులు కూర్చునే సీట్లను లోతుగా కోసేయడం వల్ల, ఒక మిల్లీ లోతున ఉండవలసిన వాల్వులు రెండు మిల్లీలకు పైగా లోపలికి దిగిపోయి ఉన్నాయి. ప్రతి నాజిల్ కింద రెండేసి రాగి వాషర్లు ఉన్నాయి.

ఒక్కొక్క పని ఎందుకు జరిగి ఉంటుందో వెనక్కి నడిచి చూస్తే అర్థమవుతుంది. పెట్రోలు ఇంజన్‌లో మంట మండే గుంట సాధారణంగా హెడ్డులో ఉంటుంది. హెడ్డు చెక్కితే ఆ గుంట చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది. ఈ ఇంజన్‌లో ఆ గుంట పిస్టన్ తల మీద ఉంది, హెడ్డు అడుగుభాగం పలకలా చదునుగా ఉంటుంది. చదునైన పలకను ఎంత చెక్కినా పిస్టన్‌కూ దానికీ మధ్య దూరం మారదు. ఆ దూరాన్ని నిర్ణయించేవి బ్లాకు, పిస్టన్, ప్యాకింగ్. హెడ్డు చెక్కడం వల్ల వచ్చేదల్లా వాల్వులు పిస్టన్‌కు దగ్గరపడటం, నాజిల్ మొన కిందికి దిగడం. బహుశా వాల్వులు పిస్టన్‌కు తగిలే పరిస్థితి వచ్చి సీట్లు లోతుగా కోశారు, అయినా భయం తీరక రెండో ప్యాకింగ్ వేశారు, నాజిల్ మొన కిందికి దిగిందని రెండో వాషర్ వేశారు. ఒక తప్పును కప్పడానికి మరొకటి చేస్తూ పోయారు తప్ప, ఎక్కడా ఆగి కొలవలేదు. నాకు బాధ కలిగించింది ఇదే. బీడు ఇనుము ఒకసారి చెక్కేశాక తిరిగి రాదు.

విప్పిన ప్యాకింగ్ మందం 1.2 మిల్లీమీటర్లు. అదనంగా వేసిన ఆ ఒక్క ప్యాకింగే సిలిండర్‌కు దాదాపు 9 సీసీ ఖాళీని పెంచి, 17 నిష్పత్తిని 15కు దించేసింది. లోతుగా దిగిన వాల్వులు మరో రెండున్నర సీసీ కలిపాయి. రెండూ చేరితే నిష్పత్తి 14.4 దగ్గరికి వచ్చింది. ఆరింటిలో మెరుగైనవి కూడా 18 దాటకపోవడానికి కారణం అదే. నాజిల్ మొన విషయంలో, చెక్కుడు వల్ల 0.85 కిందికి దిగి, ప్యాకింగ్ వల్ల 1.2, వాషర్ వల్ల ఇంకో మిల్లీ పైకి లేచి, మొత్తం మీద ఉండవలసిన చోటికంటే 1.3 మిల్లీలకు పైగా ఎత్తులో ఉంది. పిస్టన్ గుంట లోపలి గోడకు తగలవలసిన డీజిల్ జల్లు గుంట అంచు మీదా, బయటి చదునైన తల మీదా పడుతోంది. పిస్టన్ల మీద మసి గుర్తులు సరిగ్గా అలాగే, అంచు చుట్టూ పువ్వు రేకుల్లా ఉన్నాయి. గుంటలో గాలితో కలవని డీజిల్ బలం ఇవ్వదు, పొగ మాత్రం ఇస్తుంది, బోరు గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది కూడా.

కిందికి పోతే, మూడో బోరు పైభాగంలో 0.38 మిల్లీమీటరు అరిగింది. దాని పై రింగు గాడిలో మసి గట్టిపడి కదలకుండా ఇరుక్కుపోయింది. విప్పిన రింగును బోరు పైభాగంలో పెట్టి ఫీలర్ గేజీతో చూస్తే కొసల మధ్య సందు 1.9 మిల్లీలు, కొత్త రింగుకు అరమిల్లీ లోపే ఉండాలి. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు ఒక పక్క కాలి గాడి పడింది. బ్లాకు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే మూడు, నాలుగు బోర్ల మధ్య 0.12 మిల్లీ పల్లం కనిపించింది.

ఈ దశలో యజమాని ఇంకో మాట తెచ్చారు: ఎలాగూ ఇంజన్ దించాము కదా, ఇదే 697కు టర్బో ఉన్న రకం దొరుకుతుంది, ఆ టర్బోను దీనికి బిగిస్తే సరిపోతుంది కదా అని. ఆశ సహజమే. కాని టర్బో ఇంజన్‌కు పిస్టన్లు వేరు, దాని గుంట పెద్దది, నిష్పత్తి తక్కువ. లోపల పెరిగే వేడిని తట్టుకునేలా మిగతా భాగాలు కూడా తయారై ఉంటాయి. టర్బో ఒక్కటే తెచ్చి పాత ఇంజన్‌కు తగిలిస్తే హెడ్ ప్యాకింగ్, పిస్టన్, ఆ తరువాత క్లచ్చు వరుసగా పోతాయి. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. ఫిట్‌నెస్ రోజున బండి ఆగిపోతుంది. ఈ ఇంజన్‌కు పుట్టుకతో వచ్చిన బలాన్ని పూర్తిగా తిరిగి తెస్తాను, అంతకు మించి అడగవద్దని చెప్పాను. కొంతసేపు మౌనంగా ఉండి సరే అన్నారు.

చెక్కిన హెడ్డు పనికిరాదని పక్కన పెట్టాము. తుక్కుకు వచ్చిన ఒక బండి నుంచి చెక్కని హెడ్డు దొరికితే, దాన్ని నీటి ఒత్తిడి పెట్టి పగుళ్లు లేవని నిర్ధారించుకుని, కొత్త గైడ్లు, కొత్త సీట్లు, కొత్త వాల్వులు వేయించి, వాల్వు లోతును ఒక మిల్లీ దగ్గర ఉంచాము. సిలిండర్ల లోపలి గొట్టాలైన పాత లైనర్లు లాగేసి కొత్తవి ఎక్కించి, ఏ పిస్టన్ ఏ బోరుకో నంబరు వేసి, ఆ పిస్టన్ కొలతకే బోరింగు, హోనింగు చేయించాము. హోనింగు గీతలు ఒకదానినొకటి అడ్డంగా కోస్తూ వల అల్లినట్టు ఉండాలి; ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా మెరిసే బోరు చూడటానికి బాగుంటుంది గానీ దానిలో రింగులు ఎప్పటికీ కుదురుకోవు.

పిస్టన్లు కొనేటప్పుడు పడిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. 697కు అని అడిగితే షాపువాళ్లు ఇచ్చే పెట్టెల్లో టర్బో పిస్టన్ కూడా ఉండవచ్చు; రెండూ 97 మిల్లీలే, రెండూ బోరులో దిగుతాయి. పెట్టె మీది నంబరును నమ్మి ఊరుకోకుండా, పిన్ను రంధ్రం మధ్య నుంచి తల వరకు ఉన్న ఎత్తునూ, గుంటలో పట్టే నీటినీ పాత పిస్టన్‌తో సరిచూశాము. గుంటను నీటితో నింపి సిరంజీతో కొలవడం ఐదు నిమిషాల పని.

బ్లాకు ముఖంలో పల్లం పోవడానికి 0.2 మిల్లీ చెక్కించాము. ఇది నిజంగా నిష్పత్తిని పెంచే చెక్కుడు. పిస్టన్ హెడ్డుకు అంత దగ్గరవుతుంది, లెక్క ప్రకారం 17 నుంచి 17.4కు చేరుతుంది. అంతకు మించి తీయనివ్వలేదు. ఇంజన్ బిగించేటప్పుడు ఒక్కొక్క పిస్టన్ తల మీద, పిన్ను వరసలో రెండు చోట్ల సీసం తీగ ముక్కలు గ్రీజుతో అంటించి, ఒకే ఒక కొత్త ప్యాకింగ్‌తో హెడ్డును పూర్తి బిగువుకు బిగించి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ హెడ్డు దించాము. తీగ పిన్ను వరసలోనే ఎందుకంటే, మిగతా చోట్ల పెడితే పిస్టన్ పక్కకు ఒరిగి తప్పు కొలత ఇస్తుంది. అణిగిన ముక్కలను మైక్రోమీటరుతో చూస్తే ఆరు సిలిండర్లలోనూ 1.02 నుంచి 1.08 మధ్య వచ్చాయి. ఆ పన్నెండు సీసం ముక్కలను కాగితానికి అంటించి సిలిండర్ నంబర్లు రాసి ఇప్పటికీ దాచుకున్నాను. ఆ పరీక్షలో అణిగిన ప్యాకింగ్ మళ్లీ వాడకుండా ఇంకొకటి తెప్పించాము. రెండు ప్యాకింగుల ఖర్చు ఎందుకని యజమాని అడిగినప్పుడు, మొదటిది కొలతకు, రెండోది బండికి అని చెప్పాను.

సిలిండర్లకు డీజిల్ తోసే పంపు విషయంలో డ్రైవరుతో నిజంగానే వాదన జరిగింది. పంపును బెంచి మీద పెట్టి చూస్తే డీజిల్ స్క్రూ బాగా తెరిచి ఉంది, నాజిళ్లు 200 కిలోల ఒత్తిడి దగ్గర తెరుచుకోవలసినవి 160కే తెరుచుకుని జల్లుకు బదులు చుక్కలు కారుస్తున్నాయి. పంపును పుస్తకంలో ఉన్న కొలతకు తగ్గించమన్నాను. "పొగ తగ్గిస్తే బలం కూడా తగ్గిపోతాది కదండీ మేస్త్రీ గారూ" అన్నాడు డ్రైవరు. అతని అనుభవంలో అది నిజమే. గాలి సరిగా అణగని ఇంజన్‌కు డీజిల్ పెంచితే తాత్కాలికంగా కొంచెం లాగినట్టు ఉంటుంది. కాబట్టి కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఈ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి 5.675 లీటర్ల చోటును గాలితో నింపుకోవాలి. వాస్తవంగా నిండేది 85 శాతం, బరువులో సుమారు 5.3 గ్రాములు. నిమిషానికి 2,800 చుట్ల దగ్గర అది 7.4 కిలోల గాలి. పొగ లేకుండా కాలాలంటే కిలో డీజిల్‌కు దాదాపు 20 కిలోల గాలి కావాలి కాబట్టి, గంటకు 22 కిలోల డీజిల్‌ను మించి ఈ ఇంజన్ కాల్చుకోలేదు. ఆ డీజిల్‌తో వచ్చే బలమే 130 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉంటుంది. అంతకు మించి పోసిందంతా పొగగొట్టం నుంచి పోతుంది. కొరాపుట్ ఎత్తులో గాలి ఎనిమిది, తొమ్మిది శాతం పలచన కాబట్టి అక్కడ ఈ హద్దు ఇంకా తక్కువ.

ఇదే సందర్భంలో నిష్పత్తి గురించిన అపోహను కూడా తొలగించాలి. 16.4 నుంచి 17కు పెంచితే ఇంధనం నుంచి దక్కే పనిలో తేడా సిద్ధాంతం ప్రకారం ఒక్క శాతం కూడా ఉండదు; 17 నుంచి 18కి పెంచినా శాతం దగ్గరే. నిష్పత్తిని పెంచుకుంటూ పోయి బలం తెచ్చుకోవడం డీజిల్ ఇంజన్‌లో అయ్యే పని కాదు, ఈలోగా బేరింగులూ ప్యాకింగూ దెబ్బతింటాయి. నిష్పత్తి 14.4కు పడిపోయినప్పుడు జరిగే నష్టం వేరు: గాలి చాలినంత వేడెక్కదు, డీజిల్ అంటుకోవడానికి ఆలస్యమవుతుంది, అంటుకునేసరికి పిస్టన్ కిందికి దిగడం మొదలవుతుంది. ఈ బండి బలం చాలావరకు పోయింది ఆ ఆలస్యంలోనూ, తప్పు చోట పడిన జల్లులోనూ, మూడు, నాలుగు సిలిండర్ల కారుడులోనూ. డీజిల్ జల్లు మొదలయ్యే వేళను, అంటే స్పిల్ టైమింగును, మొదటి సిలిండర్ మీద హంసమెడ గొట్టం పెట్టి చుక్క ఆగే క్షణానికి సరిచేశాము, నాజిళ్ల కింద ఒక్కొక్క వాషర్‌నే ఉంచాము. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, ఇంజన్ చల్లగా ఉండగా, ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీ చొప్పున పెట్టాము.

కొత్త రింగులు కుదురుకునే కాలంలో బండిని ఊరికే ఐడిలింగ్‌లో ఉంచవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పాను. చాలామంది కొత్త ఇంజన్‌ను ముద్దు చేస్తున్నామనుకుని గంటల తరబడి ఖాళీగా తిప్పుతారు. బరువు లేనప్పుడు రింగుల వెనుక ఒత్తిడి చాలక అవి బోరుకు ఆనుకోవు, గీతల మీద జిగట పొర పేరుకుంటుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం బరువుతో, చదును రోడ్డు మీద, వేగం మారుస్తూ నడపమన్నాను. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారాక హెడ్ బోల్టులు మళ్లీ బిగించాము.

వెయ్యి కిలోమీటర్ల తరువాత గేజీ పెడితే వరుసగా 24, 24, 23.5, 23, 24, 24 వచ్చాయి. పది టన్నులతో డ్రైవరు గడియారం చూసుకుని చెప్పిన ప్రకారం, పి.కోనవలస నుంచి సుంకి చేరడానికి అంతకుముందు 52 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 37 పట్టింది. రెండు మలుపుల్లో తప్ప మొదటి గేరు అవసరం పడలేదు. డీజిల్ లీటరుకు నాలుగు దాటింది. ఆయిల్ ట్రిప్పుకు పావు లీటరు లోపే. పొల్యూషన్ పరీక్షలో పొగ అంకె ఈ పాత బండ్లకు 65 దాటకూడదని ఉండగా 46 చూపించింది. సుంకి దాటాక పూర్తి యాక్సిలరేటర్ తొక్కితే కొద్దిగా నల్లపొగ ఇంకా వస్తుంది. టర్బో లేని ఇంజన్‌కు ఆ ఎత్తులో అది తప్పదు. ఖర్చు మొత్తం లక్షా ముప్పై వేలు దాటింది, అందులో హెడ్డుకూ దాని పనికీ అయినది పూర్తిగా ఆ పాత చెక్కుడు వల్ల పడిన ఖర్చే. డిసెంబరులో కొరాపుట్ నుంచి డ్రైవరు తెల్లవారుజామున ఫోను చేసి, తాను మాట్లాడకుండా ఇంజన్ దగ్గర ఫోను పెట్టి సెల్ఫ్ కొట్టి వినిపించాడు. ఒక్క చుట్టుకే అందుకుంది.

నాలుగో సిలిండర్‌లో ఆ ఒక కిలో తక్కువ మాత్రం నన్ను ఇంకా వదలలేదు. మూడు నెలల తరువాత ట్యాపెట్లు చూసినప్పుడు మిగతా ఐదు ఎగ్జాస్ట్ వాల్వులు 0.30 దగ్గరే ఉండగా, నాలుగోది 0.22కు తగ్గింది. సందు తగ్గుతోందంటే వాల్వు తన సీటులోకి దిగుతోందని అర్థం. తిరిగి 0.30కి పెట్టి, యజమాని పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు రాసి ఇచ్చాను. వచ్చే ఫిట్‌నెస్‌కు బండి వచ్చినప్పుడు మళ్లీ కొలుస్తాను. అప్పటికి మళ్లీ తగ్గి ఉంటే హెడ్డు దించి ఆ ఒక్క సీటు మారుస్తాను, దానికి కూలీ తీసుకోను.